ఏ బాధా లేనప్పుడు మూడు నెలలకోసారి పరీక్ష ఎందుకని అడిగే సెక్స్ వర్కర్లకు ఏమని చెప్పాలి?

వేకువ_పీర్
కోస్తాలోని ఒక పట్టణంలో సెక్స్ వర్కర్ల మధ్య పీర్ ఎడ్యుకేటర్‌గా, అంటే తోటివారికి ఆరోగ్య విషయాలు చెప్పే కార్యకర్తగా పనిచేస్తున్నాను. నేనూ ఆ వృత్తిలో నుంచి వచ్చినదాన్నే. కండోమ్‌లు అందించడం, కొత్తగా వచ్చినవారిని కలవడం, మూడు నెలలకోసారి సుఖవ్యాధుల పరీక్షకూ, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలకూ వెంట తీసుకువెళ్ళడం నా పని. కండోమ్ సంగతి మావాళ్ళకు నేను కొత్తగా నేర్పవలసిన అవసరం ఇప్పుడు చాలా తక్కువ. చిక్కంతా పరీక్ష దగ్గర వస్తోంది. “తెల్లబట్ట లేదు, మంట లేదు, పుండు లేదు, మరి ఎందుకు వెళ్ళి ఆ బల్ల మీద పడుకోవాలి?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు నేను చెబుతాను గాని, ఈ మధ్య జరిగిన ఒక సంఘటన తరువాత నా మాట ఎవరూ వినడం లేదు. ఒక ఆసుపత్రి వరండాలో జనమంతా కూర్చుని ఉండగా అక్కడి అటెండరు “ఎన్జీవో ఆడవాళ్ళంతా ఇటు వచ్చి నిలబడండి” అని గట్టిగా పిలిచాడు. మాతో వచ్చిన ఒక అమ్మాయికి పక్కింటి ఆమె ఆ వరండాలోనే ఉన్నది. ఆ అమ్మాయి అక్కడి నుంచే వెనుదిరిగి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఏ నలత వచ్చినా వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటోంది. ఇక్కడ వైద్యులు, ల్యాబ్ వాళ్ళు, ఈ పనిలో ఉన్నవారు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను: ఏ బాధా లేని మనిషిని పరీక్షకు రమ్మని ఏ కారణం చెప్పి ఒప్పించాలి?

తెల్లకోటు
ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. మీవాళ్ళు అడిగిన ప్రశ్నలోనే దానికి జవాబు కూడా ఉంది. స్త్రీలలో ఈ వ్యాధులు చాలావరకు బాధ లేకుండానే ఉంటాయి. క్లామిడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. మన పెద్దలు సెగవ్యాధి అనే గనేరియా మగవాడికి సోకితే కొద్ది రోజుల్లోనే మూత్రంలో మంట, చీము వచ్చి అతడిని ఆసుపత్రికి పరుగెత్తిస్తుంది గాని, అదే వ్యాధి సోకిన స్త్రీలలో దాదాపు సగం మందికి ఏమీ తెలియదు. తెలియకుండానే అది గర్భాశయ ముఖద్వారం నుంచి పైకి పాకి అండవాహికలను పాడుచేస్తుంది. ఆ తరువాత ఎడతెగని పొత్తికడుపు నొప్పి, పిల్లలు కలగకపోవడం, గర్భం గర్భాశయంలో కాక వాహికలో నిలిచి ప్రాణాపాయం కావడం వంటివి వస్తాయి. సిఫిలిస్‌లో మొదట వచ్చే పుండు నొప్పి పుట్టదు, పైగా లోపల ముఖద్వారం మీద వస్తే కంటికి కనబడదు. అందుకే స్పెక్యులమ్ అనే పరికరం వేసి లోపల చూడడం, ఆరు నెలలకోసారి రక్తం తీయడం. సుఖవ్యాధి ఉన్నచోట హెచ్‌ఐవీ సోకడం కూడా సులువవుతుంది, పుండ్లు ఉంటే మరీను.

రైలుపేట
ఆ పుండు దానంతట అదే మానిపోతుందని విన్నాను. మానిపోతే వ్యాధి తగ్గినట్టు కాదా?

తెల్లకోటు
తగ్గినట్టు కాదు. పుండు మూడు నుంచి ఆరు వారాల్లో మందు లేకుండానే మానుతుంది, కాని క్రిమి రక్తంలోకి చేరిపోతుంది. కొన్ని వారాలకో నెలలకో ఒంటి మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్ళలో దురద లేని మచ్చలు వస్తాయి. అవీ పోతాయి. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఏమీ కనబడకుండా ఉండి, కొందరిలో గుండెకూ మెదడుకూ వెళుతుంది. గర్భిణికి ఉంటే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా వ్యాధితో పుట్టవచ్చు. తొలి దశలో పట్టుకుంటే బెంజథీన్ పెనిసిలిన్ సూది ఒక్కసారి వేస్తే సరిపోతుంది. ఎప్పటి నుంచి ఉన్నదో తెలియనప్పుడు వారానికొకటి చొప్పున మూడు వారాలు వేస్తాం. ఇన్ని దశాబ్దాలుగా వాడుతున్నా ఆ క్రిమి పెనిసిలిన్‌కు లొంగకుండా పోలేదు.

పాత_పంతులు
పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. ఎవరినీ నొప్పించే ఉద్దేశంతో రాయడం లేదు. ఇంత ప్రమాదం ఉన్నదని వైద్యులే చెబుతున్నప్పుడు ఈ వృత్తిలో ఉన్నవారందరి పేర్లూ ప్రభుత్వం నమోదు చేసి, కార్డులిచ్చి, పరీక్ష తప్పనిసరి చేస్తే సరిపోతుంది గదా? బతిమాలి తీసుకువెళ్ళడం వల్ల ఎంతమందికి పరీక్షలు జరుగుతాయి?

వేకువ_పీర్
పంతులుగారూ, కార్డు చేతిలో ఉన్న మనిషిని ఇల్లద్దెకు ఎవరు ఉండనిస్తారు? పిల్లల బడిలో తెలిస్తే ఆ పిల్లల గతి ఏమిటి? నమోదు అనే మాట వినబడితే చాలు, మావాళ్ళు రాత్రికి రాత్రి ఊరు మారిపోతారు.

చరిత్ర_పుటలు
పాత_పంతులు గారు చెప్పిన ప్రయోగం మన దేశంలో ఇంతకుముందే జరిగింది. తమ సైనికులకు సుఖవ్యాధులు ఎక్కువవుతున్నాయని బ్రిటిష్ ప్రభుత్వం 1868లో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. మద్రాసు, కలకత్తా, బొంబాయి వంటి నగరాల్లో స్త్రీలు పేర్లు నమోదు చేయించుకోవాలి, పిలిచినప్పుడు వైద్య పరీక్షకు రావాలి, జబ్బు ఉన్నదంటే లాక్ హాస్పిటల్‌లో, అంటే సుఖవ్యాధులకు పెట్టిన నిర్బంధ ఆసుపత్రిలో, తగ్గేదాకా ఉండాలి. ఫలితం ఏమైందంటే, నమోదు కాకుండా తప్పించుకునేవారే ఎక్కువయ్యారు, పోలీసులకు లంచాలు ఇవ్వవలసి వచ్చింది, వ్యాధులు మాత్రం ఆశించినట్టు తగ్గలేదు. మగవాళ్ళకు ఈ నిర్బంధ పరీక్ష ఏదీ లేదు గనుక తగ్గే వీలూ లేదు. 1888లో ఆ చట్టాన్ని రద్దు చేశారు.

మన కాలానికి వస్తే, 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్త నమూనాల్లోనే మన దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది. వెల్లూరు సీఎంసీలో పరీక్షించిన ఆ నమూనాలు ప్రభుత్వ సంరక్షణ గృహంలో ఉంచిన సెక్స్ వర్కర్లవి. వైద్యశాస్త్రానికి ఆ పరిశోధన చేసిన మేలు ఎంత గొప్పదో అందరికీ తెలుసు. కాని హెచ్‌ఐవీ ఉందని తేలిన స్త్రీలను ఆ గృహంలోనే నిర్బంధించి ఉంచారు. పాత్రికేయురాలు శ్యామలా నటరాజ్ హైకోర్టుకు వెళ్ళిన తరువాత 1990లో వారికి విడుదల దొరికింది. జబ్బు ఉన్నదని తేలితే గొళ్ళెం పెడతారని ఒకసారి చూసినవారు పరీక్షకు తమంతట తాము ఎలా వస్తారు?

పాత_పంతులు
1868 నాటి చట్టం సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు సంతోషం. అయినా నా సందేహం ఒకటి మిగిలే ఉంది. వీరి దగ్గరికి వచ్చే మగవాళ్ళ ఇళ్ళలో ఏ పాపమూ ఎరుగని భార్యలు ఉంటారు. వారిని కాపాడేది ఎవరు?

తులసికోట
ఆ భార్యల్లో నేనూ ఒకదాన్ని గనుక జవాబు నేనే చెబుతాను. మా వారు ఊళ్ళు తిరిగే వ్యాపారం చేసేవారు. రెండో కాన్పు సమయంలో చేసిన రక్తపరీక్షలో నాకు సిఫిలిస్ ఉన్నదని తేలింది. సూదులు వేయించుకున్నాను, బిడ్డ క్షేమంగా పుట్టాడు. మా వారిని పరీక్షకు రమ్మంటే నెలల తరబడి రాలేదు. “నాకేం బాధ లేదు” అన్నారు, ఈ చర్చలో మొదట అడిగిన ప్రశ్నే. నాకు జబ్బు తెచ్చింది నా ఇంటి మగమనిషి. ఏ ఊరి ఏ ఆడమనిషి దగ్గర ఆయనకు సోకిందో, లేక ఆయనే ఆమెకు అంటించాడో ఎవరు చెప్పగలరు? కండోమ్ వాడమని ఆమె అడిగి ఉంటుంది, ఈయన వద్దని ఉంటారు. నమోదు పెట్టేటట్లయితే డబ్బిచ్చి వెళ్ళేవాళ్ళతో మొదలుపెట్టండి పంతులుగారూ.

నీలిగన్నేరు
తులసికోట అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కండోమ్ లేకుండా అయితే రెండింతలు ఇస్తానని రోజూ ఎవరో ఒకరు అంటారు. అద్దె కట్టవలసిన వారంలో ఆ మాటకు కాదని చెప్పడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవారికే తెలుసు.

లారీ_రహదారి
ఇరవై ఏళ్ళకు పైగా లారీ మీద తిరిగినవాడిని. మా డ్రైవర్లలో చాలామంది మూత్రంలో మంట వస్తే ఒళ్ళు వేడి చేసిందని మజ్జిగ తాగి, కొబ్బరినీళ్ళు తాగి ఊరుకుంటారు. మంట తగ్గేసరికి ఇల్లు చేరతారు. ఒకప్పుడు అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం కింద జాతీయ రహదారుల పక్కన లారీలు ఆగే చోట్ల ఖుషీ క్లినిక్‌లు ఉండేవి. బండి దిగి నాలుగడుగులు వేస్తే డాక్టరు దొరికేవాడు, పేరు ఊరు గుచ్చి గుచ్చి అడిగేవారు కాదు. అటువంటివి ఉన్నచోట మగవాళ్ళు కూడా వెళ్ళారు, అది నేను కళ్ళారా చూశాను.

మందుల_దుకాణం
లారీ_రహదారి గారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను. మా దుకాణానికి వచ్చే మగవాళ్ళు చీటీ లేకుండా మూడు రకాల మందులు కలిపిన కిట్ ఒకటి ఇమ్మంటారు. అందులో అజిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, సెక్నిడజోల్ ఉంటాయి. అది వేసుకుంటే అన్ని సుఖవ్యాధులూ పోతాయని వారి నమ్మకం. నేను ఇవ్వకపోతే పక్క దుకాణంలో కొనుక్కుంటారు. వైద్యులు కొంచెం వివరిస్తే దుకాణంలో రాసి అంటిస్తాను.

తెల్లకోటు
సంతోషంగా వివరిస్తాను. ఆ కిట్ యోని స్రావాల్లో కొన్నిటికి పనికివస్తుంది. సిఫిలిస్‌కు దాన్ని నమ్ముకోకూడదు, బొబ్బలు తెచ్చే హెర్పిస్‌కు అసలు పనిచేయదు. గనేరియా అయితే ఒక మందు తరువాత ఒక మందును ఓడిస్తూ వస్తున్న క్రిమి. ఒకప్పుడు రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ ఇప్పుడు దాని మీద పనిచేయదు, ఒక్క అజిత్రోమైసిన్ మీద ఆధారపడడమూ ప్రమాదమే. అరకొర మందుతో మంట తగ్గి, క్రిమి మిగిలిపోతే దాన్ని ఇంకొకరికి అంటించడమే అవుతుంది.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సురక్ష అనే సుఖవ్యాధుల క్లినిక్‌లకు లక్షణాన్ని బట్టి రంగుల పెట్టెల్లో మందులు ఇచ్చే పద్ధతి పెట్టింది. మూత్రనాళ స్రావానికీ ముఖద్వారం వాపుకూ బూడిద రంగు, యోని స్రావానికి ఆకుపచ్చ, పుండుకు తెలుపు, పెనిసిలిన్ పడనివారి పుండుకు నీలం, హెర్పిస్ బొబ్బలకు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో అడ్డగర్రలకు, అంటే వాచిన గడ్డలకు నలుపు. ఈ మందులు ఉచితం. భాగస్వామికి కూడా మందు ఇచ్చి పంపుతారు, అది చాలామందికి తెలియదు. కాని రంగుల పెట్టె లక్షణం ఉన్నవారికి. లక్షణమే లేనివారికి పరీక్ష తప్ప మరో దారి లేదు.

నీలిగన్నేరు
నాదొక సందేహం ఉంది. నాకు సిఫిలిస్ ఉందని సూదులు వేశారు. ఆ తరువాత వేరే ఊరిలో క్యాంపులో వేలి మీద పొడిచి పరీక్ష చేస్తే మళ్ళీ పాజిటివ్ అన్నారు, మళ్ళీ సూదులు వేశారు. తరువాతి క్యాంపులోనూ అదే మాట. మొదటి రాత్రి జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చి నరకం చూశాను. ఇక ఈ జబ్బు నాకు ఎప్పటికీ పోదా?

ల్యాబ్_బెంచి
నీలిగన్నేరు గారూ, మీ జబ్బు నయమై ఉండే అవకాశమే ఎక్కువ. సిఫిలిస్‌కు రెండు రకాల పరీక్షలు ఉన్నాయి. క్యాంపుల్లో వేలి మీద పొడిచి చేసే పట్టీ పరీక్షా, టీపీహెచ్‌ఏ అనే పరీక్షా ఆ క్రిమికి ఎదురుగా మన ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను చూస్తాయి. ఒకసారి పుట్టిన ఆ ప్రతిరక్షకాలు చికిత్స పూర్తయినా చాలామందిలో జీవితాంతం మిగిలిపోతాయి. అందువల్ల పట్టీ మీద గీత ఎప్పటికీ వస్తూనే ఉంటుంది. జబ్బు ఇప్పుడు చురుకుగా ఉన్నదా అన్నది తేల్చేది ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ పరీక్ష. అందులో 1:32, 1:16, 1:8 అని నిష్పత్తి రాస్తారు. సూదులకు ముందు 1:32 ఉండి తరువాత 1:8కి దిగితే మందు పనిచేసినట్టు. దిగినది మళ్ళీ నాలుగింతలు పెరిగితే కొత్తగా సోకిందని అనుమానించాలి. మీ పాత చీటీలు ఉంటే ఆ నిష్పత్తి రాసి ఉన్నదేమో చూడండి, ఇక మీదట పరీక్షకు వెళ్ళినప్పుడల్లా ఆ చీటీ చూపించి, “ఇదివరకు చికిత్స తీసుకున్నాను, ఆర్‌పీఆర్ నిష్పత్తి ఎంతో రాసి ఇవ్వండి” అని అడగండి. అలా అడగడం మీ హక్కు.

తెల్లకోటు
ల్యాబ్_బెంచి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ జ్వరం గురించి కూడా ఒక మాట. సూది వేసిన మొదటి రోజున క్రిములు ఒక్కసారిగా చచ్చి కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. ఒక రోజులో తగ్గిపోతాయి. మందు పడకపోవడం వేరు, ఇది వేరు. ఈ మాట ముందే చెప్పకుండా సూది వేసి పంపితే ఆ మనిషి రెండో సూదికి రాకపోవడంలో ఆశ్చర్యం ఏముంది? చెప్పవలసిన బాధ్యత మా వైద్యులది.

నీలిగన్నేరు
ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. చీటీలు వెతుకుతాను.

చట్టం_చదువరి
న్యాయవాదిని. వేకువ_పీర్ గారు చెప్పిన వరండా సంఘటన గురించి చట్టం ఏమంటున్నదో చెబుతాను. 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం విషయం వివరించి సమ్మతి తీసుకోకుండా ఎవరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయరాదు. ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టరాదు. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆరోగ్య సంస్థలోనూ ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి, రాష్ట్రానికి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉండాలి. కాబట్టి పాత_పంతులు గారు కోరిన తప్పనిసరి పరీక్ష, కనీసం హెచ్‌ఐవీ వరకు, చట్టవిరుద్ధం.

ఇక రెండవది. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, సెక్స్ వర్కర్లు తమ ఆరోగ్యం కోసం, భద్రత కోసం వాడే కండోమ్ వంటివాటిని నేరంగా గాని, నేరానికి సాక్ష్యంగా గాని చూడరాదని స్పష్టంగా ఉంది. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు మిగతా బాధితులకు లాగే వెంటనే వైద్యం అందించాలని కూడా ఉంది.

నీలిగన్నేరు
చదువరి గారూ, కోర్టు చెప్పింది మంచిదే. కాని రాత్రి బస్టాండు దగ్గర సంచి వెతికి కండోమ్‌లు బయటకు తీసి నలుగురిలో ఊపే కానిస్టేబులు ఆ తీర్పు చదవలేదు. సంచిలో కండోమ్ ఉంటే ఒక భయం, లేకపోతే ఇంకొక భయం. ఫిర్యాదు చేయడానికి పేరు రాయాలి, ఆ పేరు రాసే ధైర్యం మాకు ఎక్కడిది?

చట్టం_చదువరి
మీ భయం న్యాయమైనదే. ఒక్కరుగా వెళ్ళవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు మీ సంఘం పేరు మీద లేఖ ఇవ్వవచ్చు, ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. హెచ్‌ఐవీ చట్టం కింద కోర్టులో మారుపేరుతో వ్యాజ్యం నడిపే వీలు కూడా ఉంది.

చుక్కల_చీర
నేను ట్రాన్స్ మహిళను. ఈ చర్చంతా స్త్రీ శరీరం చుట్టూనే తిరుగుతోంది గనుక మా సంగతి కూడా రాస్తున్నాను. మలద్వారంలో, గొంతులో వచ్చే గనేరియాకు, క్లామిడియాకు తరచుగా ఏ బాధా ఉండదు. డాక్టర్లు ఆ చోట్లు చూడరు, మేము సిగ్గుతో చెప్పము. ఓపీ చీటీ దగ్గరే “ఆడా, మగా, ఏ వరుసలో నిలబడతావు” అని మొదలవుతుంది. హైదరాబాద్‌లో 2021లో మాలాంటి ట్రాన్స్ మనుషుల కోసం మిత్ర్ క్లినిక్ వచ్చినప్పుడు అక్కడ కూర్చున్నవారిలో, పరీక్ష చేసేవారిలో మావాళ్ళే ఉండేవారు. మొదటిసారి నన్ను ఎవరూ తేరిపార చూడలేదు. 2025 మొదట్లో అమెరికా సహాయం ఆగిపోయి ఆ క్లినిక్ మూతపడినప్పుడు మేమంతా ఏడ్చాం. తరువాత టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో తిరిగి తెరిచారు. బయటి దేశపు డబ్బు మీద మన ఆరోగ్యం ఆధారపడి ఉండడం ఎంత ప్రమాదమో ఆ కొద్ది కాలంలో తెలిసింది.

చర్చ_నిర్వాహకుడు
ఒక సభ్యుడు ఒక పట్టణాన్నీ, అందులోని వీధినీ పేరు పెట్టి రాసిన వ్యాఖ్యను తొలగించాను. అక్కడ నివసించేవారి మీద దాడులు జరిగే అవకాశం ఉన్నది గనుక ఊరు, వీధి, లాడ్జి పేర్లు రాయవద్దని కోరుతున్నాను.

మైసూరు_తెలుగు
వేకువ_పీర్ గారి ప్రశ్నకు ఒక జవాబు కలకత్తాలో, మరొకటి నేను ఉంటున్న ఈ మైసూరులో ఉన్నాయి. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా కలకత్తాలో సెక్స్ వర్కర్లు ఉండే సోనాగాచీలో పని మొదలుపెట్టినప్పుడు అక్కడ ఎప్పుడూ కండోమ్ వాడేవారు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆయన బయటి నుంచి ఉపదేశకులను తేలేదు, అక్కడి స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలను చేశారు. అప్పుల వడ్డీ కట్టలేకనే కండోమ్ లేకుండా ఒప్పుకుంటున్నారని తెలిశాక 1995లో ఆ స్త్రీలదే ఉషా అనే పొదుపు, అప్పుల సహకార సంఘం పెట్టించారు. అక్కడి సెక్స్ వర్కర్ల సంఘం దుర్బార్ మహిళా సమన్వయ సమితి కూడా ఆ ఏడాదే పుట్టింది. జానా 2021లో పోయారు, ఆ సంఘాలు నడుస్తూనే ఉన్నాయి. మైసూరులో 2004లో మొదలైన అశోదయ సమితిని కూడా సెక్స్ వర్కర్లే నడుపుతున్నారు. హెచ్‌ఐవీ సోకకుండా రోజూ వేసుకునే ప్రెప్ మాత్ర మన స్త్రీలు మానకుండా వాడగలరా అన్న అనుమానం చాలామందికి ఉండేది. కలకత్తాలో దుర్బార్, ఇక్కడ అశోదయ కలిసి నడిపిన ప్రయోగంలో ఎక్కువమంది శ్రద్ధగా వాడారని తేలింది.

రైలుపేట
ఆ మాత్ర ఉంటే ఇక కండోమ్ అక్కరలేదా?

తెల్లకోటు
కావాలి. ప్రెప్ హెచ్‌ఐవీని ఆపుతుంది గాని సిఫిలిస్, గనేరియా, క్లామిడియాలను ఆపదు, గర్భాన్నీ ఆపదు. అలాగే కండోమ్ చిరిగినప్పుడు గాని, లైంగిక దాడి జరిగినప్పుడు గాని 72 గంటలలోపు, వీలైతే కొన్ని గంటల్లోనే, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి గాని పెద్దాసుపత్రికి గాని వెళ్ళి హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ మందుల గురించి అడగాలి. 28 రోజులు వాడాలి. అర్ధరాత్రి ఎవరిని అడగాలో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయవచ్చు, అది ఉచితం.

గణాంకాల_గోపి
ఈ చర్చ చదివేవారికి సెక్స్ వర్కర్లందరూ రోగులనే భావన కలగకుండా ఒక లెక్క ఇస్తున్నాను. హెచ్‌ఐవీ వ్యాప్తిని కొలిచే 2021 జాతీయ సెంటినెల్ సర్వేలో మహిళా సెక్స్ వర్కర్లలో హెచ్‌ఐవీ 1.85 శాతం. దేశంలో వయోజనులందరిలో ఉన్న దాదాపు 0.2 శాతంతో పోలిస్తే అది ఎక్కువే. కాని నూటికి తొంభై ఎనిమిది మందికి లేదు. దాన్ని అంత దిగువకు తెచ్చినది ఈ స్త్రీలే, వాళ్ళు పట్టుబట్టి వాడించిన కండోమ్‌లే.

వేకువ_పీర్
గోపి గారూ, ఈ లెక్కను మా సమావేశంలో చెబుతాను. మైసూరు_తెలుగు గారు రాసినదాంట్లో అప్పు సంగతి నా మనసును పట్టుకుంది. మావాళ్ళలో పరీక్షకు రానివారి జాబితా చూస్తే రోజు వడ్డీకి అప్పు తెచ్చినవారే ఎక్కువ. పొద్దుటి పూట ఆసుపత్రిలో పోతే ఆ రోజు వడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకొక మార్పు కూడా వచ్చింది. ఒకప్పుడు బస్టాండు, సినిమా హాలు, రైలు స్టేషను దగ్గర కలిసేవారు. ఇప్పుడు పనంతా ఫోన్‌లో జరుగుతోంది. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో మాకే తెలియదు. కొత్తగా వచ్చిన చిన్న వయసు వాళ్ళకు పీర్ అంటే ఎవరో కూడా తెలియదు.

మైసూరు_తెలుగు
ఫోన్‌లో పని నడుస్తున్నప్పుడు కబురు కూడా ఫోన్‌లోనే నడవాలి. పాతవారి ద్వారా కొత్తవారికి పరిచయం, ఒకరికొకరు చేరవేసుకునే సందేశాలు తప్ప వేరే మార్గం లేదు. నంబర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టవద్దు, ఆ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేము.

పాత_పంతులు
ఈ చర్చ చదివిన తరువాత తప్పనిసరి నమోదు అనే మాటను వదులుకుంటున్నాను. కాని ఒకటి అడుగుతాను. ఆసుపత్రే వారి దగ్గరికి, వారికి వీలైన వేళకు వెళ్ళకూడదా?

తెల్లకోటు
వెళ్ళవచ్చు. సెక్స్ వర్కర్ల మధ్య పనిచేసే సంస్థలు తాము ఎంచుకున్న ప్రైవేటు డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో ముందు నుంచీ ఉంది. సెక్స్ వర్కర్లు తమకు నచ్చిన, నోరు జారని డాక్టరును తామే చెప్పాలి. సాయంత్రం నాలుగు తరువాత చూసే డాక్టరైతే మరీ మంచిది. ప్రభుత్వ ఆసుపత్రిలోనైతే వరుసను పేరుతో కాక టోకెన్ నంబరుతో పిలవడం, పరీక్ష గదికి తలుపు, తెర ఉండడం చాలా చిన్న ఏర్పాట్లు. మా విభాగంలో ఆ తెర పెట్టించిన తరువాత రావడం మానేసినవారిలో కొందరు మళ్ళీ వచ్చారు.

పరీక్షకు వచ్చినప్పుడు వారికి మరికొన్ని మేళ్ళు జరగాలి. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలుచగా గర్భాశయ ముఖద్వారం మీద రాసి చూసే చిన్న పరీక్షతో క్యాన్సర్‌కు ముందు దశను పట్టుకోవచ్చు. లోపల సబ్బుతో, డెట్టాల్‌తో కడుక్కోవద్దని చెప్పాలి, అలా కడిగితే లోపల రక్షణగా ఉండే మంచి క్రిములు పోయి వ్యాధులు ఇంకా సులువుగా సోకుతాయి. కొబ్బరినూనె, వాజెలిన్ రాస్తే కండోమ్ చిరుగుతుందని, నీటితో చేసిన జెల్ మాత్రమే వాడాలని చెప్పాలి. ఒక్క సుఖవ్యాధి కోసమే పిలిస్తే రానివారు తమ ఆరోగ్యం మొత్తం చూస్తారంటే వస్తారు.

తులసికోట
ఆ ముఖద్వారం పరీక్ష నాలాంటి ఇల్లాళ్ళకు కూడా చేస్తారా?

తెల్లకోటు
ముప్పై దాటిన ప్రతి స్త్రీ చేయించుకోవాలి తల్లీ. ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో అడగండి.

వేకువ_పీర్
వచ్చే వారం మావాళ్ళతో కూర్చుని డాక్టరును ఎంచుకునే మాట మాట్లాడతాను. ల్యాబ్_బెంచి గారు చెప్పిన ఆర్‌పీఆర్ నిష్పత్తిని పేరు లేని చిన్న చీటీ మీద రాసి ఎవరిది వారి దగ్గరే ఉంచేలా చేస్తాను. హెపటైటిస్ బి టీకా కూడా వేయించమని ఒక నర్సమ్మ చెప్పింది. అది ఎన్నిసార్లు వేయాలి?

ల్యాబ్_బెంచి
మూడుసార్లు. మొదటిది వేసిన నెలకు రెండోది, మొదటిదాని నుంచి ఆరు నెలలకు మూడోది. ముందుగా హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేయించండి, ఆ వ్యాధి ఇప్పటికే ఉన్నవారికి టీకా వల్ల ఉపయోగం లేదు, వారిని కాలేయం చూసే డాక్టరు దగ్గరికి పంపాలి. మూడోది ఆరు నెలల రక్తపరీక్ష రోజునే పడేలా చూసుకుంటే మీవాళ్ళకు ఒక రోజు పని మిగులుతుంది.